థాయిలాండ్‌లో టీచరు ఉద్యోగం, శని ఆదివారాల షికారు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంగ్లిష్ టీచర్లుగా థాయిలాండ్ వెళ్లిన తెలుగువారి నుంచి, మన ఊళ్లలో ఉన్న వారి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఉత్తరాలివి. ఈసారి అందరూ అడిగింది ఒక్కటే: సెలవు రెండు రోజుల్లో ఎక్కడికి, ఎలా?

ప్రశ్న: నఖోన్ పఠోమ్‌లో ప్రభుత్వ స్కూల్లో చేరాను. శని ఆదివారాల్లో కాంచనబురి వెళ్లి ఎరవాన్ జలపాతం, క్వాయ్ వంతెన, హెల్‌ఫైర్ పాస్ మూడూ చూడాలనుంది. సోమవారం ఎనిమిదింటికి జెండా వందనానికి స్కూల్లో ఉండాలి. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: కుదురుతుందండీ, కాకపోతే చాలామంది వేసుకునే వరస మీరు తిరగేయాలి. మామూలుగా శనివారం రైలు, వంతెన చూసి, ఆదివారం ఎరవాన్ పెట్టుకుంటారు. ఎరవాన్ నుంచి కాంచనబురికి చివరి బస్సు సాయంత్రం నాలుగింటికి. గంటన్నర ప్రయాణం. దిగేసరికి ఐదున్నర. అప్పుడు బ్యాంకాక్ వైపు వెళ్లే వ్యాన్లన్నీ నిండి ఉంటాయి, ఆదివారం మరీనూ. అందుకని ఎరవాన్ శనివారమే కానిచ్చేయండి.

శనివారం తెల్లవారుజామునే వ్యాన్ ఎక్కితే ఉదయం ఎనిమిదింటికి కాంచనబురి బస్టాండ్‌లో 8170 నంబరు బస్సు దొరుకుతుంది. టికెట్టు 50-60 బాత్. పార్కు రుసుము విదేశీయులకు 300 బాత్. వర్క్ పర్మిట్ చూపిస్తే కొన్ని గేట్ల దగ్గర స్థానికుల ధరకే వదులుతారు. అది వాళ్ల దయేగాని మన హక్కు కాదు, వాదనకు దిగొద్దు. జలపాతం ఏడు అంచెలు. రెండో అంచె దాటాక తినుబండారాలు పైకి పోనివ్వరు, నీళ్ల సీసాకు 20 బాత్ డిపాజిట్ కట్టించుకుని తిరిగొచ్చాక ఇస్తారు. పై అంచెలు మధ్యాహ్నం మూడు దాటాక మూసేస్తారు కాబట్టి ముందు తిన్నగా ఏడో అంచెకు ఎక్కేసి, దిగుతూ స్నానాలు చేయండి. కింద మొదలుపెట్టి ఒక్కో మడుగులో ఆగుతూ పోయినవాళ్లు ఐదో అంచె దగ్గరే వెనక్కి తిరుగుతారు. సున్నం పట్టిన రాళ్లు పొడిగా ఉన్నంతసేపూ కాలికి గట్టి పట్టునిస్తాయి, నాచు పట్టినచోట జర్రున జారతాయి. హవాయి చెప్పులు పనికిరావు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. నీళ్లలో చేపలు పాదాలు కొరుకుతాయి. కితకితలే తప్ప గాయం కాదు. సంచి జిప్పు తెరిచి పెడితే మాత్రం కోతులు ఊరుకోవు.

రాత్రి కాంచనబురిలోనే ఉండండి. ఆదివారం ఉదయం 6:07కు నామ్‌టోక్ వెళ్లే రైలుంది, 8:20కి చేరుతుంది. విదేశీయులకు ఈ లైన్లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా 100 బాత్. ఎడమవైపు కిటికీ పట్టుకోండి. థామ్ క్రసే దగ్గర రైలు కొండను ఆనుకుని, నది మీద కట్టిన చెక్క వంతెన మీదుగా నడక వేగంతో పోతుంది. ఆ దృశ్యమంతా ఎడమవైపే. కుడివైపు కూర్చున్నవాళ్లకు కనిపించేది రాతిగోడ.

నామ్‌టోక్‌లో దిగి హైవే మీదికి వచ్చి, ఉత్తరంగా వెళ్లే 8203 బస్సు ఎక్కితే హెల్‌ఫైర్ పాస్ గేటు ముందు దింపుతుంది. మ్యూజియం తొమ్మిదింటికి తెరుస్తారు, ప్రవేశం ఉచితం. మెట్లు దిగి, రైలు పట్టాల కోసం కొండను నిలువునా చీల్చిన ఆ దారిలో నడిచి రావడానికి గంటన్నర చాలు. పదకొండున్నరకల్లా తిరిగి హైవే మీద నిలబడండి. నామ్‌టోక్ నుంచి 12:55కు బయల్దేరే రైలు 14:48కి కాంచనబురి వచ్చి, అలాగే మీ నఖోన్ పఠోమ్ మీదుగా బ్యాంకాక్‌లోని థోన్‌బురి స్టేషన్‌కు పోతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరతారు. బస్సు ఆలస్యమై రైలు తప్పితే కంగారు పడకండి, అదే 8203 నేరుగా కాంచనబురి వరకూ వెళుతుంది. రైలు వేళలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, శనివారమే స్టేషన్లో ఒకసారి అడిగి పెట్టుకోండి.

వంతెనకు శనివారం సాయంత్రం ఎరవాన్ నుంచి తిరిగొచ్చాక వెళ్లొచ్చు. ఎక్కువ సేపు గడపక్కర్లేదు, ఇరవై నిమిషాలు చాలు. గుండ్రటి కమానులు మొదటివి. నడుమ కోణాలుగా ఉన్న రెండూ రెండో ప్రపంచ యుద్ధంలో జరిగిన బాంబు దాడుల తర్వాత బిగించినవి. స్టేషన్ దగ్గరున్న యుద్ధ శ్మశానానికి మాత్రం తప్పక వెళ్లండి. దాదాపు 7,000 సమాధులు, చాలావాటి మీద పేరు, వయసు. అన్నీ యుద్ధ ఖైదీలవే. 1942-43లో జపాన్ సైన్యం వేయించిన ఈ 415 కిలోమీటర్ల థాయి-బర్మా రైలు లైన్లో ఖైదీలకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయింది ఆసియా కూలీలు. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకొచ్చిన తమిళులూ, వాళ్లతోపాటు మన తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. వాళ్ల పేర్లతో ఇక్కడ రాళ్లు లేవు.

ప్రశ్న: మా అమ్మాయి సుఫాన్‌బురిలో పనిచేస్తోంది. గుడ్డు కూడా ముట్టదు. వారమంతా గదిలో వండుకుంటుంది సరే, శని ఆదివారాలు ఊళ్లు తిరిగితే ఏం తింటుంది?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆకలితో ఉండాల్సిన పనిలేదు. కాకపోతే ఏ మాట వాడాలో అమ్మాయికి తెలియాలి. 'మాంగ్సవిరట్' అంటే శాకాహారమే గానీ అందులో గుడ్డు కలుస్తుంది. 'జే' అంటే మాంసం, చేప, గుడ్డు, పాలతోపాటు ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. 'గిన్ జే' అని చెప్పమనండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న బండి గానీ కొట్టు గానీ కనిపిస్తే అది జే భోజనం. ఒక చిక్కుంది, ఈ కొట్లు పొద్దున్నే తెరిచి మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటికే కట్టేస్తారు. రాత్రికి వాటిని నమ్ముకోవద్దు, మధ్యాహ్నమే ఒక పొట్లం ఎక్కువ కట్టించుకోవాలి.

మామూలు హోటల్లో కూరగాయలే కదా అని అడిగితే మోసపోయేది అక్కడే. తూటికూర వేపుడులో ఆల్చిప్పల సాస్ పడుతుంది. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు, చేపల సాస్. నూడుల్స్ చారు పంది ఎముకలతో మరిగించింది. వండేవాళ్లు అబద్ధమాడరు, వాళ్ల లెక్కలో చేపల సాస్ మనకు ఉప్పు ఎలాగో అలాగే. 'మై సై నామ్ ప్లా, మై సై నామ్‌మన్ హోయ్' అనాలి: చేపల సాస్, ఆల్చిప్పల సాస్ వేయొద్దని. థాయి లిపిలో రాయించి ఫోన్లో ఫొటోగా పెట్టుకుంటే ఇంకా మేలు, ఎందుకంటే మన ఉచ్చారణకు వాళ్లు తల ఊపేసి వేసేస్తారు.

ఏ సందేహం లేకుండా తినదగ్గవి: జిగురు బియ్యం మామిడిపండుతో, వెదురు బొంగులో కొబ్బరిపాలు, అలసందలు వేసి కాల్చిన 'ఖావో లామ్', రోడ్డు పక్క కోసిచ్చే పళ్లు. పెరుగు 7-ఇలెవెన్‌లో దొరుకుతుంది గానీ చాలావరకు తీపివే. చక్కెర లేనిది వెతికి తీసుకోవాలి. ఒక చిన్న సీసాలో ఆవకాయ సంచిలో ఉంటే తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది. సీసా కాదు, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా అనుకోండి. వ్యాన్లో నూనె కారితే బట్టలు పోతాయి.

ప్రశ్న: వచ్చే నెల లాంగ్ వీకెండ్‌కి లావోస్ వెళ్లొద్దామని స్నేహితులు అంటున్నారు. నాకు వీసా మీద ఏడాది ఎక్స్‌టెన్షన్ ఉంది. రానూపోనూ ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, ఖోన్ కేన్

జవాబు: రీ-ఎంట్రీ పర్మిట్ (దేశం దాటి, అదే వీసా మీద తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా సరిహద్దు దాటారంటే ఆ ఏడాది ఎక్స్‌టెన్షన్ అక్కడితో పోయినట్టే. ముద్ర పడ్డాక ఎవరినీ బతిమాలి లాభం లేదు, వీసా మళ్లీ మొదటి నుంచి. తీసుకోవడం కష్టం కాదు: మీ జిల్లా ఇమిగ్రేషన్ ఆఫీసులో టీఎం.8 ఫారం, పాస్‌పోర్టు కాపీలు, ఒక ఫొటో. ఒక్కసారికైతే 1,000 బాత్, ఎన్నిసార్లయినా అంటే 3,800. ఏడాదిలో నాలుగుసార్లు దాటేవాళ్లకే రెండోది గిట్టుబాటు. పెద్ద విమానాశ్రయాల్లో అప్పటికప్పుడు కూడా ఇస్తారు, కానీ నోంగ్ ఖాయ్ వంటి రోడ్డు సరిహద్దుల్లో దొరుకుతుందని నమ్ముకోవద్దు. శుక్రవారం స్కూలయ్యాక ఆఫీసు మూసేస్తారు కాబట్టి వారం మధ్యలోనే ఒక పూట సెలవు పెట్టండి.

లావోస్ వీసా సరిహద్దు వంతెన దగ్గరే ఇస్తారు, ఈ-వీసా కూడా ఉంది. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, ఖాళీ పేజీలు చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు మరచిపోయేది ఇంకొకటుంది: 2025 మే 1 నుంచి థాయిలాండ్‌లో అడుగుపెట్టే ప్రతి విదేశీయుడూ, ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్లతో సహా, డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్లో నింపాలి. రాకకు మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. ఉచితం. డబ్బు అడిగే సైటు కనబడితే అది అసలుది కాదు. ఇందులో మీకో లాభం కూడా ఉంది: తొంభై రోజుల రిపోర్టు (ఉంటున్న చిరునామాను ఇమిగ్రేషన్‌కు తెలపడం) లెక్క తిరిగొచ్చిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: అద్దె స్కూటీ మీద తిరగొచ్చా? ఇండియా లైసెన్సు ఉంది.
– ఒక పాఠకుడు, చియాంగ్ మాయ్

జవాబు: మన ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండి, అందులో మోటార్‌సైకిల్ గడి మీద ముద్ర ఉంటే తిరగొచ్చు. కారుకు మాత్రమే ముద్ర ఉన్న పర్మిట్‌తో స్కూటీ నడిపి పడితే బీమా కంపెనీ పైసా ఇవ్వదు. ఆసుపత్రి బిల్లు మీదే. ఏడాదికి పైగా ఉండేవాళ్లు వర్క్ పర్మిట్, మెడికల్ సర్టిఫికెట్ పట్టుకెళ్లి థాయి లైసెన్సే తీసుకోవడం నయం. మొదటిది రెండేళ్లకిస్తారు. రంగులు గుర్తించడం, బ్రేకు ఎంత త్వరగా తొక్కుతారన్నది, దూరం అంచనా, ఇవీ పరీక్షలు. ఇక్కడా బండ్లు ఎడమవైపే కాబట్టి మనకు అలవాటు పడాల్సిందేమీ లేదు.

అద్దె కొట్లో పాస్‌పోర్టు తాకట్టు అడిగితే ఇంకో కొట్టుకు వెళ్లండి. కాపీ, కొంత నగదు డిపాజిట్ చాలు. బండి తీసుకునేముందు గీతలన్నీ, అద్దాలు, సైలెన్సర్ కింది భాగం కూడా వీడియో తీయండి, కొట్టతను కనిపించేలా. గొడవలన్నీ అప్పగించేటప్పుడు ఆ కింది గీతల దగ్గరే.

ప్రశ్న: శుక్రవారం మధ్యాహ్నం చెబుతారు, శనివారం ఇంగ్లిష్ క్యాంప్ అని. ముందే కొన్న టికెట్లు పోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, రాచబురి

జవాబు: కాంట్రాక్టులో శనివారం పని గురించి ఏముందో ముందు చదవండి. సంవత్సరానికి ఇన్ని క్యాంపులని ఉంటే కాదనలేరు, బదులు సెలవు మాత్రం రాతపూర్వకంగా అడగొచ్చు. ఆ సంగతలా ఉంచి, క్యాంపు ఆలోచన మీ వరకూ వచ్చేది శుక్రవారమే అయినా థాయి టీచర్ల 'లైన్' (వాట్సాప్ లాంటి యాప్) గ్రూపులో ముందే తిరుగుతుంటుంది. బుధవారం మీ కోఆర్డినేటరును పలకరించి, ఈ శనివారం ఏమైనా ఉందా అని అడగండి. ఆ జవాబు వచ్చేదాకా డబ్బు తిరిగిరాని గది బుక్ చేయకండి. మూడో తరగతి రైలు టికెట్టు ఎలాగూ ఆ రోజే కొంటారు.

ప్రశ్న: జులైలో సిమిలాన్ దీవులకు వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, బ్యాంకాక్

జవాబు: వెళ్లలేరు. మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఆ పార్కు మూసి ఉంటుంది, అండమాన్ వైపు సముద్రం అప్పుడు కల్లోలంగా ఉంటుంది. కో సమెట్ చూడండి. ఎక్కమాయ్ బస్టాండ్ నుంచి బాన్ ఫేకు సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి పడవ. దీవి మీద పార్కు రుసుము విదేశీయులకు 200 బాత్. ఆదివారం మధ్యాహ్నం రెండింటి పడవకే బయటపడండి, ఆ తర్వాతి పడవల్లో వచ్చేవాళ్లంతా ఒకే బస్సు కోసం నిలబడతారు.