మెడలో పాత ప్లేటు, పక్కన కొత్త నొప్పి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. వయసు 51. ముప్పై ఏళ్లుగా తలొంచుకుని లేసు అల్లుతున్నాను. తొమ్మిదేళ్ల క్రితం మెడలో 5, 6 ఎముకలను ప్లేటు, స్క్రూలతో కలిపేశారు. మొన్నటిదాకా హాయిగానే ఉన్నాను. నాలుగు నెలలుగా ఎడమ భుజం నుంచి నడిమి వేలి దాకా లాగేస్తోంది. వేలికి దారం ఆనుతున్నట్టే తెలియట్లేదు. మంచం మీద ఆ చెయ్యి ఆనించి లేవబోతే మోచెయ్యి ముడుచుకుపోతోంది. స్కానులో 6, 7 ఎముకల మధ్య నరం నొక్కుకుందన్నారు. ఒక డాక్టరు ఇంకో ప్లేటు వేయాలంటున్నారు, ఇంకొకరు వెనక చిన్న కోత చాలంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మంచం దగ్గరి ఆ మాట రెండుసార్లు చదివాను. 6, 7 ఎముకల మధ్య నుంచి వచ్చే ఏడో నరమే మోచెయ్యి చాచే కండను నడుపుతుంది, నడిమి వేలికి స్పర్శనిస్తుంది. మీ బాధా, స్కానూ సరిగ్గా కలిశాయి. ఉత్త నొప్పే అయితే ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీతో చూద్దాం అనేదాన్ని. బలం తగ్గాక ఆగకూడదు.

పాత ఆపరేషన్ చెడిందని బెంగపడకండి. కలిపేసిన చోట కదలిక ఉండదు కాబట్టి పక్క డిస్కుకి, అంటే ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండుకి, పని పెరుగుతుంది, వయసూ తోడవుతుంది. 1999లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో ఇలాంటివారిలో ఏడాదికి నూటికి ముగ్గురికి పక్క భాగంలో కొత్త బాధ మొదలైంది.

చిన్న కోత అంటే, మెడ వెనక రెండు సెంటీమీటర్లు కోసి, కండను పక్కకు జరిపి సన్నటి గొట్టం దింపుతారు. అందులోంచి చూస్తూ నరం బయటికొచ్చే కంతను వెడల్పు చేస్తారు. ఆ కంత వెనకుండే కీలులో సగానికి మించి తీయరు, అందుకే మామూలుగా మళ్లీ ప్లేటు అక్కర్లేదు. గొంతు వైపు పాత మచ్చ జోలికీ వెళ్లనక్కర్లేదు. మీలాంటివారికి నాకు ఇదే ఇష్టం.

కానీ వెన్నుపాము నలుగుతున్నా, ఎముక జారుతున్నా ఈ దారి చాలదు. ఎముక జారుతోందేమో తెలియడానికి మెడ వంచి, ఎత్తి తీసే ఎక్స్‌రే అడగండి. వెన్నుపాము సంగతి తెలియడానికి ఇంట్లో పిడికిలి గబగబా మూసి తెరవండి. పది సెకన్లలో ఇరవైసార్లు రాకపోయినా, జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయినా, చేలగట్టు మీద కాళ్లు తడబడినా ఆ సంగతి ముందు చెప్పండి. మూత్రం పట్టు తప్పితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ వారంలోనే చూపించుకోండి. పాత డిశ్చార్జి కాగితంతోపాటు లేసు సూదీ, దారమూ తీసుకెళ్లి, డాక్టరు ఎదుటే నాలుగు గొలుసులు అల్లి చూపించండి.