ఆటో వచ్చే టైముకే కడుపునొప్పి... ఇది నాటకమా, జబ్బా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. మా బాబుకు 12 ఏళ్లు, ఇప్పుడు ఏడో తరగతి. కరోనా వచ్చినప్పుడు నాలుగో తరగతిలో ఉన్నాడు. ఐదో తరగతి మొత్తం ఫోన్లోనే అయిపోయింది. ఆరో తరగతిలో, 2021 సెప్టెంబర్‌లో బడి తెరిచినా భయపడి ఫిబ్రవరి దాకా పంపలేదు. ఆ తర్వాత వేసవి సెలవుల వరకు ఎలాగో వెళ్లాడు. ఈ ఏడాది (2022) జూన్ 13న బడులు తెరిచినప్పటి నుంచి మాత్రం రోజూ పొద్దున కడుపునొప్పి అంటున్నాడు. బొడ్డు చుట్టూ చూపిస్తాడు. ఒక్కోసారి వాంతి వచ్చినట్టు అవుతుంది. ఆటో వెళ్లిపోయిన అరగంటకు తగ్గిపోతుంది. ఆదివారం అసలు ఉండదు. మూడు వారాల్లో ఆరు రోజులే బడికి వెళ్లాడు. ఆర్‌ఎంపీ గారు గ్యాస్ ట్యాబ్లెట్లు ఇచ్చినా తగ్గలేదు. స్కానింగ్ తీయిస్తే కడుపులో గ్రంథులు ఉన్నాయని, 6 మిల్లీమీటర్లని రాశారు. రక్తపరీక్ష, మూత్రపరీక్ష బాగానే ఉన్నాయి. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. మా మరిది ‘అంతా నాటకం, రెండు తగిలిస్తే దారికొస్తాడు’ అంటున్నాడు. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. డ్యూటీ అయ్యాక రాత్రి పదిన్నరకు ఫోన్ చేస్తారు, బాబు అప్పటిదాకా మేలుకునే ఉంటాడు. తర్వాత అదే ఫోన్ చూస్తూ పన్నెండు దాటాక పడుకుంటాడు. బోర్డు మీది రాసుకోవడం ఆలస్యం అవుతోందని టీచర్ చెప్పారు. నిరుడు మే నెలలో మా మామయ్య గారు కరోనాతో పోయారు. అంతకుముందు ఆయనే వీణ్ని టీవీఎస్ మీద బడిలో దింపేవారు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. గ్రంథులంటే టీబీయా? నులిపురుగుల మందు వేయాలా? కొన్నాళ్లు బడి మాన్పించమంటారా?
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ గ్రంథుల సంగతి తేల్చేద్దాం. లేకపోతే నేను చెప్పే మిగతాదేదీ మీ చెవికెక్కదు. పేగుల చుట్టూ చిన్న చిన్న లింఫ్ గ్రంథులు పిల్లలందరికీ ఉంటాయి. జలుబు చేసినా, విరేచనాలు అయినా కాస్త ఉబ్బుతాయి. 6 మిల్లీమీటర్లంటే కందిగింజంత. ఏ నొప్పీ లేని పిల్లాణ్ని పడుకోబెట్టి స్కాన్ తీసినా ఈ సైజువి కనిపిస్తాయి. రిపోర్టులో ఇంగ్లిష్‌లో పొడుగాటి పేరు పెట్టి రాసేసరికి అమ్మానాన్నలు హడలిపోయి, ఆ కాగితం పట్టుకుని మా ఓపీకి పరుగెత్తుకొస్తుంటారు. పొట్టలో టీబీ ఉంటే మామూలుగా బరువు తగ్గుతారు, వారాల తరబడి జ్వరం వస్తుంది, తిండి సయించదు. ఇంట్లోనో పక్కింట్లోనో టీబీ ఉన్నవాళ్లు ఉన్నారేమో కూడా చూస్తాం. మీరు రాసినదాన్ని బట్టి ఆ దారిలో వెళ్లక్కర్లేదు.

నులిపురుగుల మందు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర. 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు అంగన్‌వాడీల్లో, బడుల్లో ఉచితంగానే ఇస్తారు. గత ఆరు నెలల్లో వేయకపోతే ఒకటి నమిలి మింగించండి, మంచిదే. కానీ నులిపురుగులు ఆదివారం సెలవు తీసుకోవు కదా! మీవాడి నొప్పి తీసుకుంటోంది. అసలు సంగతంతా అక్కడే ఉంది.

మీ మరిది గారికి నా మాటగా చెప్పండి, ఇది నాటకం కాదు. నొప్పి నిజంగా వస్తుంది. మీ ఇంటర్ పరీక్షల రోజు గుర్తుచేసుకోండి. హాల్‌టికెట్ చేతిలో ఉంటుంది, ఆటో బయట హారన్ కొడుతుంటుంది, మీరేమో మూడోసారి బాత్రూంలోకి. అది నాటకమా? భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ లాంటివి ఎక్కువవుతాయి. పొట్టలోది కిందికి జారడం నెమ్మదిస్తుంది, అందుకే వికారం. పేగులు బిగుస్తాయి. మామూలప్పుడు మనకు తెలియని పేగుల కదలికే అప్పుడు నొప్పిగా తెలుస్తుంది. ఇదేదీ స్కానింగ్‌లో కనపడదు, రక్తంలో దొరకదు. గ్యాస్ ట్యాబ్లెట్‌కు లొంగదు. రెండు తగిలిస్తే భయం ఇంకో రెండింతలవుతుంది. కడుపునొప్పి తగ్గదు సరికదా, వాడు చెప్పడం మానేస్తాడు.

మరి మాన్పించాలా అంటే, వద్దు. ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెబుతాను. ఆటో వెళ్లిపోయిన అరగంటకు నొప్పి తగ్గిందని మీరే రాశారు. అంటే ప్రతిరోజూ వాడి ఒళ్లు ఒక పాఠం నేర్చుకుంటోంది: బడి తప్పితే నొప్పి పోతుంది. రేపు పొద్దున ఆ పాఠం ఇంకాస్త గట్టిగా అప్పజెబుతుంది. వాడు కావాలని చేసేది కాదిది. మీరు సెలవు ఇచ్చేది జాలితోనే, కానీ ఇచ్చిన ప్రతి సెలవూ మర్నాటి గడపను ఒక మెట్టు ఎత్తు చేస్తుంది. పైగా ఈ మూడు వారాల్లో బెంచీ మీద జతలు కుదిరిపోయి ఉంటాయి, నోట్సులు ముందుకెళ్లిపోయి ఉంటాయి. రెండు నెలలు ఆగి పంపితే ఇవన్నీ కలిపి మోయాలి.

వాడి వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. 2020 మార్చిలో బడి మూసేనాటికి పదేళ్లు. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపేశారు. ఇంట్లో కెమెరా ఆపేసి మంచం మీద పడుకుని పాఠం విన్నాడు, ఆకలేస్తే తిన్నాడు, బాత్రూం వస్తే లేచి వెళ్లాడు. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెక్క బెంచీ మీద కూర్చోవాలి, వేలు చూపించి అడిగితే తప్ప బయటకు వెళ్లకూడదు. యాదగిరి చానెల్‌లో, టీశాట్‌లో పాఠాలు చూసిన సర్కారు బడి పిల్లలూ ఇదే ఇబ్బంది పడుతున్నారు. చాలామంది ఫిబ్రవరి, మార్చిల్లోనే సర్దుకున్నారు. మీవాడికి ఇంకేదో అడ్డం పడుతోంది.

అదేమిటో మీ ఉత్తరంలోనే ఉందని నా అనుమానం. మామయ్య గారి సంగతి మీరు చివర్లో రెండు ముక్కల్లో రాసి వదిలేశారు. బడికి తీసుకెళ్లిన మనిషి ఒకరోజు ఆసుపత్రికి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో పిల్లలకు కడసారి చూపు కూడా లేదు. నాన్న దుబాయ్‌లో. ఇంట్లో మిగిలింది మీరు, మీ మిషన్ చప్పుడు. ఆ చప్పుడు వినిపిస్తున్నంత సేపూ వాడికి ధైర్యం. బడికి వెళ్తే వినపడదు. నేను బడిలో ఉన్నప్పుడు అమ్మకేమన్నా అయితే? ఈ ప్రశ్న పన్నెండేళ్ల మగపిల్లాడు బయటికి అడగడు, సిగ్గు. కడుపునొప్పి అంటాడు. ఇలాంటి పిల్లల్ని నేను చూస్తూనే ఉన్నాను. ఒక పాప రోజూ స్కూల్ ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేయించి, వాళ్లమ్మ హలో అనగానే పెట్టేసేదట.

నేను ఊహించింది తప్పు కూడా కావచ్చు, వాణ్ని చూడలేదు కదా. మీరే కనుక్కోవాలి. ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏమైందిరా చెప్పు’ అంటే నోరు విప్పడు. బట్టకు కాజాలు తీస్తూనో, బీరకాయ చెక్కు తీస్తూనో, మీ చూపు పని మీద ఉన్నప్పుడు మాట కలపండి. ‘తాత గుర్తొస్తున్నాడారా? నాకైతే పొద్దున టీవీఎస్ చప్పుడు వింటే గుర్తొస్తాడు’ అనండి చాలు. మీ కళ్లలో నీళ్లు తిరిగినా ఫర్వాలేదు, దాచకండి. అదే తీరులో బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, కొడుతున్నారా, ఆటోలో ఎవరైనా ఒంటి మీద చేతులు వేస్తున్నారా అని కూడా అడగండి. అలాంటిదేమైనా ఉందని తేలితే కింద రాసిన పద్ధతి పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది.

అలాంటిదేమీ లేదనుకుంటే, సోమవారం నుంచి మొదలుపెట్టండి. అంతకుముందే మీరొక్కరే బడికి వెళ్లి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. మొదటి మూడు నాలుగు రోజులు మధ్యాహ్న భోజనం దాకా ఉంచండి. ఆ తర్వాత రెండు రోజులకోసారి ఒకటి రెండు పీరియడ్లు పెంచుతూ రెండు వారాల్లో పూర్తి రోజుకు తేవాలి. బడిలో నొప్పి వస్తే స్టాఫ్ రూంలోనో వెనక బెంచీలోనో పదిహేను నిమిషాలు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ క్లాసులోకి రావాలి. ఇంటికి మాత్రం పంపకూడదు. ఈ ఒక్క మాట మీద టీచరు, మీరు ఒకే గొంతుతో ఉండాలి. ఒకరోజు మీరు మెత్తబడి తీసుకొచ్చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పొద్దున ‘నొప్పి ఉందా?’ అని మీరుగా అడగొద్దు. వాడే చెబితే ‘ఉంటుంది నాన్నా, బడికెళ్లాక తగ్గుతుంది’ అని టిఫిన్ ప్లేటు ముందు పెట్టండి. ఇడ్లీ ఒకటే తిన్నా సరే, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

గేటు దగ్గర మీరుంటే వాడికి కాళ్లు కదలవు. కాబట్టి మొదటి రెండు వారాలు మీ మరిది గారే బండి మీద దింపాలి. ఆయనకు ఎలాగూ పట్టింపు ఉంది, అది ఇక్కడ పనికొస్తుంది. దారిలో తిట్టకూడదు, బెదిరించకూడదు, క్రికెట్ గురించి మాట్లాడుకుంటూ తీసుకెళ్లి, గేటు లోపల దింపి వెంటనే వచ్చేయాలి. సాయంత్రం వచ్చేటప్పటికి మీరు గుమ్మంలో ఉంటానని మాటిచ్చి, ఉండండి.

ఇక నిద్ర. ఈ వయసులో కనీసం తొమ్మిది గంటలు కావాలి. ఆరున్నరకు లేవాలంటే తొమ్మిదిన్నరకు పడుకోవాలి. మీవాడు మూడు గంటలు అప్పు పడుతున్నాడు. పొద్దున వికారానికి ఇదీ ఒక కారణం. నాన్న ఫోన్ ఆపమని నేను చెప్పను, అది వాడి హక్కు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, ఆయన డ్యూటీ దిగేసరికి మనకు పదిన్నర అవుతుంది మరి. మామూలు రోజుల్లో ఆయన వాయిస్ మెసేజ్ పెడితే బాబు సాయంత్రం బడి నుంచి రాగానే వింటాడు, తనూ ఒకటి పంపుతాడు. ఆయన సెలవు రోజున పగటి పూట తీరిగ్గా వీడియో కాల్. పడుకునే టైమును ఒక్కసారిగా మూడు గంటలు వెనక్కి లాగితే కుదరదు, రెండు మూడు రోజులకోసారి పావుగంట జరపండి. చార్జర్ మీ మిషన్ పక్కకు మారాలి, రాత్రి ఫోన్ అక్కడే పడుకోవాలి.

బోర్డు మీది ఆలస్యంగా రాస్తున్నాడని టీచర్ అన్నది తేలిగ్గా తీసుకోవద్దు. రాత అలవాటు తప్పడం ఒక కారణం కావచ్చు, చూపు ఆనకపోవడం ఇంకో కారణం కావచ్చు. ఫోన్ ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి దూరపు చూపు తగ్గినా రెండేళ్లు ఎవరికీ తెలియదు. గోడ మీది క్యాలెండర్‌ను గదికి ఆ చివర నుంచి ఒక్కో కన్ను మూసి చదివించండి. తడబడినా, తడబడకపోయినా ఈ వారంలో కంటి డాక్టర్‌కు చూపించండి. అక్షరాలు కనపడక పక్కవాడి నోట్సులోకి తొంగిచూసి తిట్లు తినే పిల్లాడికి బడి అంటే కడుపులో తిప్పక ఏం చేస్తుంది? సాయంత్రం రోజూ గంటసేపైనా ఆరుబయట ఆడనివ్వండి. కంటికీ మంచిదే, నిద్రకూ మంచిదే.

బాత్రూం సంగతి కూడా కనుక్కోండి. ఇంట్లో ఎప్పుడంటే అప్పుడు వెళ్లిన పిల్లలు బడి బాత్రూం చూసి నీళ్లు తాగడమే మానేస్తున్నారు. సీసా ఎలా వెళ్లిందో అలాగే తిరిగొస్తుంది. మలం గట్టిపడి ఆ నొప్పి వేరే మొదలవుతుంది. టిఫిన్ తిన్నాక పేగులు తమంతట తామే కదులుతాయి, అప్పుడు పది నిమిషాలు హడావిడి లేకుండా కూర్చోనివ్వాలి. అంటే ఆటో టైముకు గంటన్నర ముందు లేపాలి.

చదువు గురించి ఒక్క మాటే. ఏడో తరగతి లెక్కల్లో మొదట్లోనే పూర్ణసంఖ్యలు, భిన్నాలు వస్తాయి. భిన్నాలకు పునాది వేసే ఐదో తరగతి ఫోన్లో పోయింది. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. రాకపోతే పాత నాలుగో తరగతి పుస్తకం తీసి రోజూ పావుగంట చేయించండి, ఎవరి ముందూ కాదు. రెండు గంటల ట్యూషన్ ఇప్పుడే పెట్టొద్దు.

నొప్పి బొడ్డు నుంచి జరిగి కుడివైపు కింద నిలిచినా, రాత్రి నిద్రలోంచి లేపినా, మలంలో రక్తం పడినా, పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో వాంతులైనా, జ్వరం తోడైనా, బరువు తగ్గినా, ఇదంతా భయమేలే అనుకోకుండా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించాలి. మూడు వారాలు ఇవన్నీ చేసినా బడికి కదలకపోతే, అసలు ఇంట్లోంచే బయటకు రాకపోతే, మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. సైకియాట్రిస్ట్ అనగానే మనవాళ్లకు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గుర్తొచ్చి వెనకాడతారు. పెద్దాసుపత్రి ఓపీలో ఆ డాక్టరు ఉంటే చాలు, మొదట అవసరమయ్యేది మాటలే, మందులు కాదు. ‘చచ్చిపోతా’ లాంటి మాట ఒక్కసారి అన్నా మాత్రం ఆ రోజే తీసుకెళ్లాలి, వాణ్ని ఒంటరిగా వదలొద్దు.

గ్యాస్ ట్యాబ్లెట్లు ఇవాళే ఆపేయొచ్చు. స్కానింగ్ మళ్లీ తీయించక్కర్లేదు, ఆ డబ్బు కళ్లజోడుకు పనికిరావచ్చు.