బండివాడి మీదకు నెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి,

విరేచనాలు తెచ్చిన క్రిమి ఎక్కడిదో ల్యాబులో ఎలా పట్టుకుంటారని నువ్వు రాసిన వ్యాసం చదివాను. చెన్నై టీ నగర్ పానీపూరీ బండి, పుల్లనీళ్ళ కుండలో మణికట్టు దాకా మునిగిన చెయ్యి కళ్ళకు కట్టాయి. కానీ రెండో పేరాకే బండివాణ్ణి దోషిని చేసేశావు. విరేచనాలు పట్టుకున్నవాళ్ళలో నలుగురు అక్కడ తిన్నారు, సరే. అక్కడే తిని సుబ్బరంగా ఉన్నవాళ్ళెందరో కనుక్కున్నావా?

ల్యాబులో పనిచేస్తూ ‘అధునాతన పరీక్షల ద్వారా నిర్ధారిస్తారు’ అని రాస్తావేమిటి? బ్యాక్టీరియాను అగరోజ్ అనే జెల్లీలో బంధించి, ఎంజైముతో దాని డీఎన్ఏను పెద్ద పెద్ద ముక్కలుగా కోసి, జెల్‌లో దిశ మార్చి మార్చి కరెంటు పెడితే ఆ ముక్కలు చారలుగా విడతాయని, ఆ చారల వరుస క్రిమికి వేలిముద్ర లాంటిదని రాయి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు పోయారు. రోగుల్లో దొరికిన క్రిమి చారలు, మాంసంలోని క్రిమి చారలు కలిశాయి. 1996లో ల్యాబులు ఈ చారలను పోల్చుకునే పల్స్‌నెట్ అనే వ్యవస్థ పుట్టింది అందుకే. 2019 నుంచి అక్కడ చారల బదులు క్రిమి మొత్తం డీఎన్ఏనే, అంటే జీనోమే చదువుతున్నారు.

ఇద్దరు రోగుల్లోని క్రిమి చారలు కలిస్తే వాళ్ళిద్దరికీ ఒకే చోటి నుంచి అంటుకుని ఉండొచ్చు. ఆ చోటేదో చారలు చెప్పవు. 2011 జర్మనీ కథ చూడు. ఈ-కోలై అనే బ్యాక్టీరియాతో జనం జబ్బుపడితే, హాంబర్గ్ అధికారులు స్పెయిన్ కీరదోసకాయల మీద అనుమానం ప్రకటించారు. పాపం, అక్కడి రైతుల పంట చెత్తపాలైంది. కాయల మీద ఈ-కోలై ఉన్నమాట నిజమే. తీరా టైపింగ్, అంటే క్రిమి ఏ రకమో తేల్చే పరీక్ష చేస్తే రోగుల్లోది వేరే రకం! చివరికి తేలింది మొలకెత్తిన మెంతులని, గింజలు ఈజిప్టువని. మన ఆవకాయలో పడే మెంతులే. విచిత్రమేమిటంటే, ఎన్ని పరీక్షలు చేసినా ఆ గింజల్లో ఆ క్రిమి దొరకనేలేదు. హోటళ్ళలో ఎవరు ఏం తిన్నారో అడిగి, ఏ వంటకంలో మొలకలు వేశారో వంటవాళ్ళతో చెప్పించి, సరుకు రవాణా కాగితాలు తిరగేసి పట్టుకున్నారు. ఆ జబ్బుకు మొత్తం యాభైమందికి పైగా చనిపోయారు. నీ వ్యాసంలో అలా అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు, యంత్రమే హీరో.

‘హంతక సూక్ష్మజీవి’ అన్న శీర్షిక తీసెయ్. బండి దగ్గరికి మళ్ళీ వెళ్ళు. నీళ్ళు మెట్రో వాటర్ లారీవా, బోరువా, పుదీనా ఎక్కడ కొంటాడు, పూరీలు ఎవరు చేసిస్తారు, అన్నీ అడుగు. కసురుకుంటే కసురుకోనీ. టైపింగ్ రిపోర్టు చేతికొచ్చేదాకా బండి గుర్తులేవీ రాయకు.

తిరగరాసి పట్టుకురా. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు