నడిపించకు, ముందు కూర్చోబెట్టు

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. మెడ విరిగిన శ్రీను స్విట్జర్లాండ్ వెళ్లి, వెన్నులో కరెంటు పరికరం పెట్టించుకుని, ఆఖరి పేజీలో తల్లి దగ్గరికి నడిచొస్తాడు. అక్కడ నాకు కోపం వచ్చింది. మళ్లీ మొదట్నించి చదివితే రెండో పేజీలో ఒక్క వాక్యం ఏడిపించింది: కొడుకు కళ్లు తేలేయగానే తల్లి చక్రాల కుర్చీని వెనక్కి వాల్చి తన పొట్టకి ఆనించుకుంటుంది. అది నువ్వు ఎక్కడో చూసి ఉండాలి. నీ కథంతా అక్కడుంది, నువ్వేమో దాన్ని దాటుకుని పరిగెత్తావు.

మా తమ్ముడు తాటిచెట్టు మీంచి పడ్డాక ఊళ్లో అందరూ "నడుస్తాడా?" అనే అడిగేవాళ్లు. వాడి గొడవ వేరు, అరగంట కూర్చోగలిగితే చాలనేవాడు. రక్తనాళాలు బిగించమని మెదడు పంపే కబురు మెడ దగ్గరే ఆగిపోతే, కూర్చోబెట్టిన నిమిషంలో రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. వాడికి పై బీపీ 70కి వచ్చేది. పొట్టకి బెల్టు, కాళ్లకి బిగుతు మేజోళ్లు, ఉప్పు, మాత్రలు, అన్నీ అయ్యాయి. ఒకరోజు తల పగిలిపోతోందని అరిచాడు, మొహమంతా ఎర్రబడి చెమటలు. అలవాటు కొద్దీ పడుకోబెట్టబోతే నర్సమ్మ నా చెయ్యి లాగేసింది. యూరిన్ పైపు మెలికపడి ఈసారి బీపీ 200 దాటిందట. అప్పుడు కూర్చోబెట్టాలి, పైపు సరిచెయ్యాలి. ఒకే ఒంట్లో ఇంత తేడా, నాయనా! దీన్ని వదిలేసి నడక రాస్తావా?

పరికరం సంగతీ తప్పే రాశావు. నడక వేరు, బీపీ వేరు. నడక కోసం పెట్టే ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు అందించే బిళ్లలు, వెన్నుపాము నడుం భాగంలో ఉంటాయి. స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో గ్రెగ్వార్ కోర్టీన్, కెనడాలోని కాల్గరీలో ఆరన్ ఫిలిప్స్ అనే పరిశోధకులు 2021లో ప్రకటించిన పని బీపీ కోసం, అది ఛాతీ భాగం దిగువన. గాయం కింద నరాలు చచ్చిపోలేదు, పైనుంచి ఆజ్ఞ అందక ఊరుకున్నాయంతే. కరెంటు వాటిని తట్టి లేపుతుంది, నాళాలు బిగుస్తాయి, బీపీ నిలుస్తుంది. 2025 నాటికి 14 మందిలో చూశారు. తెగిన వెన్నుపాము అతుక్కోదు. అయినా బీపీ నిలవడమేమీ చిన్న విషయం కాదు, కళ్లు తిరక్కుండా ఎదుటి మనిషితో మాట్లాడటమంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు.

తమ్ముడి మీద నేను రాసిన మొదటి కథకి ఓ వారపత్రిక సంపాదకుడు "చివర్లో నడిపించండి, వేసుకుంటాం" అని ఉత్తరం రాశాడు. మూడేళ్లుగా తిరిగొచ్చిన కథలే చూస్తున్నదాన్ని, నడిపించాను. అచ్చయ్యాక వాడు చదివి వినిపించమన్నాడు. అంతా విని, "అక్కా, చివర్లో వచ్చినవాడెవడు?" అన్నాడు. ఆ సంపాదకుణ్ణి ఇప్పటికీ క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు. ఇప్పుడు పోటీల వాళ్లు "స్ఫూర్తి" కావాలంటున్నారు, అదే రోగం.

ఆ ఆఖరి పేజీ చింపెయ్. శ్రీనుని తల్లి ఎదురుగా కూర్చోబెట్టి పప్పన్నం తినిపించు, గిన్నె ఖాళీ అయ్యేదాకా రాయి. తిన్నాక బీపీ ఇంకా పడుతుంది, అందుకని పరికరం ఉన్నా సరే ఆవిడ ఒక చెయ్యి కుర్చీ పిడి మీదే ఉంటుంది.