గర్భసంచి తీసేయకుండా ఫైబ్రాయిడ్లు తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 43. ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నరగా నెలసరిలో విపరీతంగా రక్తస్రావం అవుతోంది. హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. గర్భసంచి గోడలో మూడు ఫైబ్రాయిడ్లు (కండర గడ్డలు) ఉన్నాయనీ, పెద్దది 6 సెంటీమీటర్లనీ స్కానింగ్‌లో తేలింది. గర్భసంచి తీసేయాలన్నారు. కోత లేకుండా గడ్డల్ని కుదించే చికిత్స ఉందని విన్నాను. నాకు పనికొస్తుందా?

జవాబు: మీరు విన్నది నిజమే. దాన్ని యుటెరైన్ ఆర్టరీ ఎంబొలైజేషన్ అంటారు. ఎక్స్‌రే, స్కానింగ్ తెర మీద చూసుకుంటూ సూదులు, గొట్టాలతో చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు దీన్ని చేస్తారు. మణికట్టు దగ్గరో, గజ్జల్లోనో ధమనిలోకి సూదితో దారి చేసి, సన్నని గొట్టాన్ని ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ గర్భసంచి ధమనుల దాకా తీసుకెళ్తారు. అక్కడ ఇసుక రేణువుల్లాంటి కణాలను వదిలి రక్తప్రవాహాన్ని ఆపుతారు. రక్తం అందక గడ్డలు క్రమంగా కుంచించుకుపోతాయి. గర్భసంచికి మాత్రం చుట్టుపక్కల నాళాల నుంచి రక్తం అందుతూనే ఉంటుంది. 1990లలో ఫ్రాన్స్‌లో జాక్ రవీనా బృందం, ఫైబ్రాయిడ్ల ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోకుండా ఉండాలని ఆపరేషన్‌కు ముందు ఈ పని చేసింది. తీరా చూస్తే చాలామందికి బాధలు తగ్గిపోయి ఆపరేషన్ అవసరమే రాలేదు. 1995 నుంచి ఇది ఫైబ్రాయిడ్లకు సొంతంగా ఒక చికిత్స అయింది.

రంధ్రం చిన్నది కదా అని నొప్పి ఉండదనుకోకండి. మొదటి 24 గంటలు పొత్తికడుపులో నొప్పి గట్టిగానే ఉంటుంది. అందుకే సాధారణంగా ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచి నొప్పికి మందులిస్తారు. కొద్దిరోజులు కాస్త జ్వరం, వికారం, నీరసం ఉండొచ్చు. ఒకటి రెండు వారాల్లో చాలామంది పనుల్లో పడతారు. గర్భసంచి తీసేస్తే పొట్ట కోసి చేసే పద్ధతిలో ఆరు వారాల దాకా పట్టొచ్చు. దుర్వాసనతో స్రావం, తగ్గని జ్వరం కనిపిస్తే, కొన్ని వారాల తర్వాతైనా సరే, వెంటనే వెళ్లాలి. అది ఇన్ఫెక్షన్ కావచ్చు.

పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి రక్తస్రావం బాగా తగ్గుతుంది. గడ్డలు మాయం కావు. కొన్ని నెలల్లో దాదాపు సగానికి కుదించుకుంటాయి. కొందరికి కొన్నేళ్లకు మళ్లీ చికిత్స కావాల్సి రావచ్చు. గర్భసంచి తీసేస్తే ఆ సమస్య ఉండదు, కాబట్టి మీ డాక్టర్ చెప్పిందీ తప్పు కాదు. 45 దాటినవారిలో అండాశయాలపై ప్రభావం పడి నెలసరి ముందే ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఇంకా పిల్లలు కావాలనుకునేవారికి మేము సాధారణంగా గడ్డల్ని మాత్రమే తీసే ఆపరేషన్ సూచిస్తాం.

మీ వివరాలను బట్టి చూస్తే, ఇద్దరు పిల్లలున్నారు, గడ్డలు గోడలోనే ఉన్నాయి కనుక, ఈ చికిత్స మీకు సరిపడే అవకాశం బాగానే ఉంది. అయితే ఎంఆర్‌ఐ చూడకుండా ఖాయంగా చెప్పలేను. గడ్డకు రక్తం అందుతోందా, అది నిజంగా ఫైబ్రాయిడేనా అన్నది అందులో తెలుస్తుంది. ఇంత రక్తస్రావం ఉంది కాబట్టి గర్భసంచి లోపొర బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) గురించీ అడగండి. క్యాన్సర్ అనుమానం, గర్భం, ఇన్ఫెక్షన్ ఉంటే ఈ చికిత్స చేయకూడదు. కిడ్నీ సమస్య, కాంట్రాస్ట్ మందుకు (రక్తనాళాలు ఎక్స్‌రేలో కనిపించేందుకు ఎక్కించేది) అలర్జీ ఉంటే ముందే చెప్పాలి.

మీ గైనకాలజిస్టునూ, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టునూ ఇద్దరినీ సంప్రదించాకే నిర్ణయం తీసుకోండి. ఈలోపు హిమోగ్లోబిన్ 8ని తేలిగ్గా తీసుకోవద్దు. ఐరన్ మాత్రలా, ఇంజెక్షనా అన్నది ఈ వారమే మీ డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. ఆయాసం, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.