వీధిలో మామిడి నాటవచ్చా?

ప్రశ్న: తిరుపతిలో మా వీధి అంచున, కరెంటు తీగల కింద మామిడి మొక్కలు నాటాలనుకుంటున్నాము. ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: కాపు మొదలైతేనే అసలు ఇబ్బంది. పండేదాకా ఎవరూ ఆగరు. పిందె దశలోనే రాళ్లు పడతాయి, తీగలను తాకే కొమ్మలను విద్యుత్ సిబ్బంది నరికివేస్తారు. నేరేడు నాటితే రాలిన పండ్లు చితికి, ఆ ఊదా రంగు గుజ్జుపై ద్విచక్ర వాహనాలు జారతాయి. మామిడికి చెట్టుకూ చెట్టుకూ సుమారు 10 మీటర్ల ఎడం కావాలి కనుక దానిని పార్కుకు వదిలి, వీధికి సీతాఫలం ఎంచుకోండి: అది పెద్దగా ఎత్తు పెరగదు, నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, ఆకులను మేకలు సైతం ముట్టవు. (అయినా వీధి ఆవులు తొక్కకుండా కంచె తప్పదు.) అక్టోబరు, నవంబరు వానలకు ముందు నాటినా, తొలి రెండు వేసవులలో బిందెతో నీళ్లు ఎవరు పోస్తారో తేల్చుకున్నాకే నగరపాలక సంస్థను అనుమతి అడగండి.