గోరటి వెంకన్న పాటను ఎదురుగా విన్న రాత్రి

ప్రశ్న: మీకు ఇష్టమైన వాగ్గేయకారుడి పాటను ఎప్పుడైనా ఎదురుగా కూర్చుని విన్నారా? ఫోన్లో వినడానికీ దానికీ నిజంగా అంత తేడా ఉంటుందా?

విన్నాను. తేడా ఉంటుంది. నా వరకు ఆ తేడా మా నాయన కుడిచేతిలో కనిపించింది.

నేను విన్నది గోరటి వెంకన్న గారి పాట. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. మాదీ ఆ పక్కలే. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడతారు. ‘వల్లంకి తాళం’ సంపుటికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నేను చెప్పేది అంతకు చాలా ముందు సంగతి.

మాది కమ్మరోళ్ల ఇల్లు. ఊళ్లో ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలపడ్డాక, నాగలి కర్రు కొట్టించుకునేవాళ్లు లేక నాయన కొలిమి ఆర్పేసి హైదరాబాద్ వచ్చాడు. బాలానగర్‌లో ఒక గ్రిల్స్ షాపులో వెల్డింగ్ పనికి కుదిరాడు. కొలిమి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. మేమూ అడగలేదు.

ఒక దసరాకు ఊరికి పోయినప్పుడు, దగ్గరి పట్టణంలో వెంకన్న గారి పాట ఉందని తెలిసి నాయనను బలవంతాన తీసుకెళ్లాను. కాలేజీ మైదానంలో పట్టాలు పరిచారు. మేం పోయేసరికి వేదిక పక్కన గడ్డి మంట వేసి డప్పులు కాస్తున్నారు. ఆ పొగ వాసనకే నాయన కొంచెం కుదుటపడి కూర్చున్నాడు. మైకు మాత్రం మొదటి అరగంట చాలా ఏడిపించింది. మాటలు సగం వినపడలేదు. ఏర్పాట్లు చూసినవాళ్లు కాస్త ముందే సరిచూసుకుని ఉండాల్సింది.

‘పల్లె కన్నీరు పెడుతుందో’ నాకు ఎప్పటి నుంచో నోటికొచ్చు. కానీ అది 2002లో వచ్చిన ‘కుబుసం’ సినిమాలోది, వందేమాతరం శ్రీనివాస్ గారి గొంతులోది. ఆ గొంతంటే ఇప్పటికీ ఇష్టమే. ఆ రాత్రి అదే పాట డోలక్, డప్పు, ఇద్దరు ముగ్గురి కోరస్‌తో వచ్చింది. చరణం చివర తీసే సాగదీత మా దగ్గర నాట్లేసే ఆడవాళ్లు తీసేదే. సినిమాలో నాలుగైదు నిమిషాల్లో అయిపోయే పాట అక్కడ ఎంతసేపు సాగిందో చెప్పలేను. మధ్యలో ఆగి మాట చెప్పడం, మళ్లీ అందుకోవడం, జనం పల్లవి ఎత్తుకుంటే వాళ్లకే వదిలేయడం. రికార్డింగ్‌లో పాట మన కోసం ఆగదు. ఎదురుగా పాడేటప్పుడు జనాన్ని చూసి ఆగుతుంది.

ఆ పాటలో కుండలు కాల్చే కుమ్మరి వామి తర్వాత కమ్మరి కొలిమి మాట వస్తుంది. అది వచ్చినప్పుడు నాయన వైపు చూశాను. ముఖంలో ఏ మార్పూ లేదు. కుడిచెయ్యి మాత్రం మోకాలి మీద పిడికిలి బిగిసి, మెల్లగా కిందికీ పైకీ ఆడుతోంది. మొదట తాళం వేస్తున్నాడనుకున్నాను. తాళానికి అది కలవడం లేదు. కాసేపటికి అర్థమైంది, ఆయన కొలిమికి గాలి కొట్టే తిత్తి గుంజుతున్నాడు. నిప్పు రవ్వలు పడి మిగిలిన తెల్ల మచ్చలు ఆ లైట్లలో ముంజేతి మీద ఒక్కొక్కటీ కనపడ్డాయి. పాట అయిపోయి అందరూ చప్పట్లు కొట్టినా ఆ చెయ్యి ఇంకో నాలుగుసార్లు ఆడింది.

“మన కొలిమి ముచ్చట ఆయనకెట్ల ఎర్కరా?” అన్నాడు. అంతే అన్నాడు.

ఆఖరి బస్సు పోయింది. ఆటోలో సగం దూరం, నడక సగం దూరం. ఆ నడకలోనే మొదటిసారి చెప్పాడు. కార్తె రాకముందు రైతులు కర్రులు పట్టుకుని తెల్లారకముందే వరస కట్టేవాళ్లట. డబ్బులు లేవు, కళ్లం మీద కూలిగా ఇచ్చే మేర గింజలే. ఎర్రగా కాలిన కర్రు ఏ రంగులో ఉన్నప్పుడు సమ్మెట వెయ్యాలో చెబుతూ రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. మామిడి పండు రంగు కాదు, నేరేడు రంగుకు దిగితే ఆలస్యమైనట్టే, రెండింటి నడుమ పట్టుకోవాలి అన్నాడు. ముప్పై ఏళ్లు ఆయన కొడుకుగా ఉండి నేను ఆ మాట వినలేదు.

మీరు వెళ్తే టికెట్, సీటు గురించి పెద్దగా ఆలోచించకండి. ఇలాంటి సభల్లో చాలావాటికి టికెట్టే ఉండదు. ముందు వరసలు వక్తలకూ అతిథులకూ పోతాయి. పక్కగా, డప్పులవాళ్లకు దగ్గరగా కూర్చోండి. ఫోన్లో వీడియో తీయకండి. నేను మొదటి రెండు పాటలు తీశాను, ఒక్కసారి కూడా మళ్లీ చూడలేదు. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని వెంట తీసుకెళ్లండి.

మర్నాడు పొద్దున్నే నాయన పాత కొట్టం దగ్గరికి పోయి, కూలిన మట్టి తవ్వి, ఇనుము పెట్టి కొట్టే దాగలి బయటికి తీశాడు. ఇద్దరం కలిసి ఎత్తితే గానీ లేవలేదు. ఇప్పుడది బాలానగర్‌లో షాపు గుమ్మం పక్కన ఉంది. వంగిన చువ్వలు దాని మీదే సరిచేస్తాడు.